గురుగ్రహం ఇంటి జమాఖర్చులు

ఈ వారం వంట సంగతి కాదు, పొదుపు సంగతి కాదు, ఆకాశం సంగతి రాస్తున్నాను. "ఊరగాయ జాడీలు ఎండబెట్టడం గురించి చెప్పే మనిషికి గ్రహాల గొడవ ఎందుకట?" అని నవ్వుకోకండి. చివరిదాకా చదవండి. ఇదీ మన ఇంటి విషయమేనని మీరే అంటారు.

సంక్రాంతి ముందు అటక దులపడం మనందరికీ వున్న పనే కదా! ఇంట్లోకి సామాను వస్తూనే వుంటుంది. బయటికి పోయేది మాత్రం వుండదు. సొట్టపోయిన బిందె, మూత పోయిన కుక్కరు, పిల్లల పాత పుస్తకాలు, అన్నీ "ఎప్పుడైనా పనికొస్తాయి" అనుకుంటూ పైకెక్కించేస్తాం. ఈసారి అలా దులుపుతుంటే మా అత్తగారి రేకు పెట్టె కనబడింది. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. పెట్టె నిండా ఆవిడ రాసుకున్న పద్దుల పుస్తకాలు, ఏడాదికొకటి చొప్పున. వాటి సంగతి తరవాత చెబుతాను.

ఆ రాత్రే మా అమ్మాయి భౌతికశాస్త్రం పుస్తకం ముందేసుకుని కూర్చుంది. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. "అమ్మా, అయస్కాంత బలరేఖకి మొదలూ చివరా వుండవట. మరి అది తెగితే ఏమవుతుంది?" అని అడిగింది. "మీ నాన్నగారిని అడుగు" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకో మింగేశాను. నేనూ ఇంటర్ దాకా చదివినదాన్నే కదా! ఆ తరవాత నెల రోజులపాటు, రాత్రిళ్ళు వంటిల్లు సర్దుకున్నాక, తల్లీ కూతుళ్ళం కలిసి కూర్చుని చదివాం. ఆ ఒక్క ప్రశ్న మమ్మల్ని గురుగ్రహం దాకా తీసుకుపోయింది. తెలుసుకున్నది మీకు చెప్పకుండా వుండలేకపోతున్నాను.

ముందు ఇంట్లో చేసి చూసే పని ఒకటి చెబుతాను. పాడైపోయిన స్పీకరులో గుండ్రటి అయస్కాంతం వుంటుంది. దాన్ని ఇసుకలో దొర్లిస్తే నల్లటి పొడి అంటుకుంటుంది. చిన్నప్పుడు మనందరం ఆడుకున్న ఆటే. ఆ పొడిని తెల్ల కాగితం మీద పల్చగా చల్లి, కింద అయస్కాంతం పట్టుకుని, కాగితాన్ని వేలితో మెల్లగా తట్టండి. పొడి వంకీలు వంకీలుగా సర్దుకుంటుంది. ఆ వంకీలే బలరేఖలు. గాజుకి మొదలూ చివరా లేనట్టే వాటికీ వుండవు. సగం కాగితం మీద కనిపిస్తుంది, మిగతా సగం అయస్కాంతం లోపల నుంచి తిరిగి వస్తుంది.

మన భూమి కూడా పెద్ద అయస్కాంతమే. దాని బలం ఎంతవరకు చెల్లుతుందో ఆ మేరని అయస్కాంతావరణం అంటారు. మన ఇంటికి ప్రహరీ గోడ ఎలాగో గ్రహానికి అది అలాగన్నమాట. గురుగ్రహానికీ, శనిగ్రహానికీ, యురేనస్‌కీ, నెప్ట్యూన్‌కీ కూడా వుంది. వీటిల్లో గురుగ్రహానిది మహా పెద్ద లోగిలి. ఆ గ్రహం అడ్డంగా పదకొండు భూములంత వుంటుంది. మబ్బుల పైభాగంలో దాని అయస్కాంత బలం మన భూమి మీద వున్నదానికి పది రెట్లకు పైనే. సూర్యుడి నుంచి అవతలి వైపుకి దాని అయస్కాంతావరణం తోకలాగా సాగి శనిగ్రహం తిరిగే దారి దాకా పోతుంది. మన కళ్ళకి కనిపించదు గాని, కనిపిస్తే రాత్రి ఆకాశంలో నిండు చందమామకన్నా పెద్దగా కనిపించేదట!

ఇంత లోగిలిలోకి వచ్చే సరుకేమిటి? ఇక్కడ ఒకావిడ సంగతి చెప్పాలి. 1979 మార్చిలో అమెరికా వాళ్ళ వాయేజర్ 1 నౌక గురుగ్రహం పక్కనుంచి వెళ్ళింది. లిండా మోరబీటో అనే ఇంజనీరు పని, నౌక సరిగ్గా దారిలో వుందో లేదో ఫోటోల్లోని చుక్కల్ని బట్టి సరిచూడడం. అయో అనే గురుగ్రహపు చందమామ ఫోటోని ఆవిడ అలా చూస్తూండగా, దాని అంచున గొడుగు విప్పినట్టు ఏదో మబ్బు కనబడింది. అది అగ్నిపర్వతం చిమ్మిన గంధకపు పొగ. భూమి మీద కాక మరోచోట మండుతున్న అగ్నిపర్వతాన్ని మనుషులు చూడడం అదే మొదటిసారి. చూసింది చుక్కలు లెక్కపెట్టుకునే ఒక ఆడమనిషి!

ఆ అయో నుంచి గురుగ్రహం లోగిలిలోకి ప్రతి సెకనుకీ సుమారు ఒక టన్ను సరుకు వచ్చి పడుతూ వుంటుంది. గంధకం, ప్రాణవాయువు కలిసిన సరుకది. లెక్కవేయండి. రోజుకి 86 వేల టన్నులు! అదీ ఇవాళా నిన్నా కాదు, మనం పుట్టకముందు నుంచీ.

మరి అంతా ఏమవుతోంది? అటక అయితే ఎప్పుడో కూలిపోయేది కదూ!

దీనికి జవాబు తిరగలిలో వుంది. తిరగలి మధ్య కన్నంలో గుప్పెడు గుప్పెడు పెసలు పోస్తాం. పిడి పట్టి తిప్పుతూ వుంటే లోపల పడ్డది మెల్లగా అంచుకి జరుగుతూ వస్తుంది. గురుగ్రహం పది గంటలు కూడా పట్టకుండా ఒక చుట్టు తిరుగుతుంది. అంత పెద్ద శరీరం, అంత వేగం! అయో నుంచి వచ్చిన వాయువు కణాల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోయి అది విద్యుత్తు వున్న వాయువుగా మారుతుంది. దాన్నే ప్లాస్మా అంటారు. మామూలు గాలికి అయస్కాంతంతో పని లేదు గాని, ప్లాస్మా అలా కాదు. పూలు దారాన్ని పట్టుకుని వున్నట్టు అది బలరేఖల్ని పట్టుకుని వుంటుంది. దారం ఎటు పోతే పూలు అటు, పూలు ఎటు లాగితే దారం అటు. గ్రహం తిరుగుతూ వుంటే బలరేఖలు ఆ ప్లాస్మాని కూడా గిరగిరా తిప్పుతాయి. తిరిగే కొద్దీ అది తిరగలిలో పెసల్లాగే బయటికి జరుగుతూ పోతుంది.

అయితే తిరగలికి అంచు వుంది, పిండి అక్కడ రాలిపోతుంది. ఇక్కడ అంచు లేదు, దారం వుంది. పూలు బరువెక్కి బయటికి లాగేకొద్దీ దారం సాగుతుంది. సూర్యుడికి అవతలి వైపు, ఆ తోకలో, ఒక్కొక్క బలరేఖా జడపిన్నులాగా సన్నగా పొడుగ్గా సాగిపోతుంది. జడపిన్నుకి రెండు కాళ్ళుంటాయి కదా! ఒక కాలు గ్రహం నుంచి బయటికి వెళ్ళే రేఖ, రెండో కాలు తిరిగి గ్రహానికి వచ్చే రేఖ. రెండూ పక్కపక్కనే వుంటాయి గాని, దిక్కులు మాత్రం ఎదురెదురు.

ఇప్పుడు మా అమ్మాయి ప్రశ్న దగ్గరికి వచ్చాం. తెగితే ఏమవుతుంది?

మీరు కోలాటం చూసే వుంటారు. రెండు వరుసలు ఎదురెదురుగా నడుస్తూ వుంటాయి. ఒక దరువు దగ్గర జట్టు మారిపోతుంది. ఇందాకటిదాకా ఈవిడతో కోలు కొట్టిన ఆవిడ, మరుక్షణం పక్కావిడతో కొడుతుంది. ఎవరూ ఒంటరిగా మిగలరు. ఎదురెదురు దిక్కుల బలరేఖలు మరీ దగ్గరగా నొక్కుకుపోయినప్పుడు జరిగేది అదే. ఆ ఇరుకు చోట పూలు దారం మీద పట్టు వదిలేస్తాయి. దారం తెగుతుంది. తెగిన కొసలు గాలికి వేలాడవు, మొదలూ చివరా వుండకూడదు కదా! అందుకని వెంటనే ఈ కాలు కొస ఆ కాలు కొసతో అతుక్కుంటుంది. దీనికే మాగ్నెటిక్ రీకనెక్షన్ అని పేరు. తెగి, జత మార్చుకుని, మళ్ళీ అతుక్కోవడం.

అలా అతుక్కోగానే ఒకటిగా వున్నది రెండవుతుంది. చపాతీ పిండి నుంచి ఉండ తుంచినప్పుడు ఉండ చేతిలోకి వస్తుంది, మిగిలిన ముద్ద వెనక్కి ముడుచుకుంటుంది. ఇక్కడా అంతే. గ్రహం వైపు మిగిలిన రేఖ పొట్టిదై, బరువు దిగిన రబ్బరు బ్యాండులాగా చటుక్కున గ్రహం వైపుకి ముడుచుకుంటుంది. అవతలి వైపు ప్లాస్మా అంతా, తన చుట్టూ చుట్టుకున్న రేఖలతో సహా, ఒక పెద్ద ఉండ అయి తోకలోంచి బయటికి, శూన్యంలోకి కొట్టుకుపోతుంది. ఆ ఉండని ప్లాస్మాయిడ్ అంటారు. గురుగ్రహం అటక దులుపుకునే పద్ధతి అదీ!

అంతకాలం సాగదీసి దాచిన శక్తి ఒక్కసారి విడుదలవుతుంది కదా! అందులో కొంత ధ్రువాల వైపు పరుగెత్తి అక్కడ వెలుగులు పుట్టిస్తుంది. గురుగ్రహం ధ్రువాల దగ్గర ఎప్పుడూ వెలుగు వలయాలు వుంటాయి. అప్పుడప్పుడు తెల్లవారే వైపున అవి భగ్గుమంటాయి. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకి మేమూ వెళ్ళాం. గురుడు కన్యారాశిలో ప్రవేశించాడని మనం నదిలో మునకలు వేయడానికి నెల ముందే, జూలైలో, జూనో అనే నౌక ఆ గురుడి దగ్గరికే చేరి చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. అప్పుడు నాకా సంగతి తెలియదు. ఆ భగ్గుమనే వెలుగులు ధ్రువానికి చీకటి వైపున పుట్టి, గ్రహంతోపాటు తిరుగుతూ తెల్లవారే వైపుకి రావడం జూనోయే మొదటిసారి పూర్తిగా చూసింది. తోకలో సరుకు పేరుకుని పేరుకుని, ఒక్కసారిగా వదిలించుకున్నప్పుడే ఇవి పుడుతున్నాయని 2021లో శాస్త్రజ్ఞులు రాశారు.

మన భూమికీ ఇలాంటి తెగి అతుక్కోవడం వుంది. దాన్ని 1961లో జేమ్స్ డంజీ అనే ఆయన వివరించాడు. కాని భూమి విషయంలో ఆ పని చేయించేది సూర్యుడి నుంచి వీచే గాలి. అంటే బయటివాళ్ళ వల్ల ఇంట్లో వచ్చే గొడవ. గురుగ్రహం ఇంట్లో అది ముఖ్యంగా సొంత సంసారపు బరువు వల్లే వస్తుందని 1983లో వసిల్యూనాస్ అనే శాస్త్రజ్ఞుడు చెప్పాడు. లోపలి నుంచి సరుకు రావడం, గ్రహం తిప్పడం, దారం సాగడం, తెగి అతుక్కోవడం, మళ్ళీ మొదటికి రావడం. సంసారాల్లో కూడా ఈ రెండు రకాలూ వుంటాయని మీకు వేరే చెప్పనక్కరలేదు.

చెప్పడం సులువే. చూసిందెవరు? గెలీలియో అనే నౌక 1995 నుంచి 2003 దాకా గురుగ్రహం చుట్టూ తిరిగింది. అందులో అయస్కాంత బలం కొలిచే పరికరం బాధ్యత మార్గరెట్ కివెల్సన్ అనే ఆవిడ చూసింది. నౌక పని అయిపోయాక కూడా ఆ అంకెలు ఎవరో ఒకరు చదువుతూనే వున్నారు. మరిస్సా వోట్ అనే యువతి, కివెల్సన్‌తోనూ మరికొందరితోనూ కలిసి ఆ అంకెలన్నీ వెతికి, దారం తెగి అతుక్కున్న గుర్తులు 249 వున్నాయని 2010లో తేల్చింది. కొన్ని రోజుల్లో రెండు మూడు రోజులకోసారి ఈ దులుపుడు జరుగుతున్నట్టు కూడా ఆ నౌక అంకెల్లోనే తేలింది.

ఇక్కడే ఒక తిరకాసు వుంది. మనలాంటి వాళ్ళకి బాగా అర్థమయ్యే తిరకాసు. ఆ ఉండలు ఎన్ని, ఒక్కొక్కటి ఎంత మోసుకుపోతోంది అని లెక్క వేస్తే, అయో నుంచి వస్తున్న జమకీ ఈ ఖర్చుకీ పొంతన కుదరలేదు. ఖర్చు బాగా తక్కువ వచ్చింది. అంటే నెలాఖరుకి చేతిలో డబ్బు లేదు, పుస్తకంలో ఖర్చూ కనపడదు. మిగతాది ఎలా పోతోంది? పెద్ద ఉండలుగా కాక చినుకు చినుకుగా, మనకి కనపడనంత చిన్న ముక్కలుగా కారిపోతోందేమోనని కొందరు అంటారు. కూరగాయల చిల్లర ఎటు పోయిందో తెలియనట్టన్నమాట! ఈ లెక్క తేల్చడానికి శాస్త్రజ్ఞులు ఇంకా కుస్తీ పడుతూనే వున్నారు.

శనిగ్రహం ఇంట్లోనూ ఇదే తంతు. అక్కడ సరుకు తెచ్చేది ఎన్సెలడస్ అనే చిన్న చందమామ. మంచు పెంకులోంచి నీటి ఆవిరి చిమ్ముతుంది. 2005లో కాసిని నౌక దాని పక్కగా వెళ్ళినప్పుడు బలరేఖలు ఏదో అడ్డు తగిలినట్టు వంగి వున్నాయి. అయస్కాంత కొలతల బృందం పెద్ద మిషెల్ డోహర్టీ అనే ఆవిడ. "ఇంకా దగ్గరగా తీసుకెళ్ళి చూడండి" అని పట్టుబట్టింది. తీసుకెళ్తే ఆవిరి బయటపడింది. ఆ నౌకే శనిగ్రహం తోకలో దారం తెగి అతుక్కుంటున్న చోట్లోంచి కూడా వెళ్ళింది. ఆ తెగి అతుక్కోవడం ఏకంగా 19 గంటలు సాగిందట.

ఇక నా మనసుకి పట్టిన సంగతి యురేనస్‌ది. ఆ గ్రహం దగ్గరికి ఇంతవరకూ వెళ్ళింది ఒక్కటే నౌక, వాయేజర్ 2. 1986 జనవరి 24న దాని పక్కనుంచి దూసుకుపోయింది. అక్కడ గడిపింది 45 గంటలు. పంపిన అంకెలు అప్పుడే చదివారు, రాయవలసిందేదో రాశారు, భద్రపరిచారు. ముప్ఫై మూడేళ్ళ తరవాత జీనా డిబ్రాచియో అనే ఆవిడ, డానియెల్ గెర్ష్‌మన్ అనే ఆయన ఆ పాత అంకెలు మళ్ళీ తీశారు. ఇదివరకు చదివినవాళ్ళు కొన్నికొన్ని నిమిషాల అంకెలు కలిపి సగటు కట్టి చూశారు. అందుకని గీత నున్నగా వచ్చింది. వీళ్ళు అలా కాకుండా 1.92 సెకన్లకొక అంకె చొప్పున విడివిడిగా వేసి చూశారు. నున్నటి గీతలో ఒకచోట చటుక్కున మెలిక కనబడింది. 60 సెకన్లు. అంతే. 45 గంటల్లో ఒకే ఒక్క నిమిషం!

ఆ నిమిషంలో నౌక ఒక ప్లాస్మా ఉండలోంచి దూరి వెళ్ళింది. ఉండ అంటే కనీసం రెండు లక్షల కిలోమీటర్ల పొడవు. యురేనస్ తన వాతావరణాన్ని కొద్దికొద్దిగా ఇలా పోగొట్టుకుంటోందన్నమాట. ఆ గ్రహం దగ్గర అలాంటిది కనబడడం అదే మొదలు. 2019లో ఈ సంగతి అచ్చయింది. అంకె 1986 నుంచీ పుస్తకంలోనే వుంది. మొత్తం మాత్రమే చూసినవాళ్ళకి కనిపించలేదు.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లేచి వెళ్ళి అత్తగారి రేకు పెట్టె తెరిచాను.

మా ఇంట్లో నెలాఖరున మామగారు పద్దు చదివేవారు. పాలు ఇంత, కిరాణా ఇంత, ఇతర ఖర్చులు ఇంత, మొత్తం ఇంత. మేమందరం వినేవాళ్ళం. అంతే. వరస వరసా ఎవరూ చదవలేదు. నేను కొత్తగా కాపరానికి వచ్చిన రోజుల్లో ఒకసారి భయం భయంగా, "అత్తయ్యగారూ, ఇంట్లో వుండే డిగ్రీ చదువుకోవచ్చటండీ" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు. వద్దనడానికి నోరు రాక అలా వెళ్ళారని నేను అనుకున్నాను. పాతికేళ్ళు అలాగే అనుకున్నాను.

1999 పుస్తకం మొదటి పేజీ నుంచి వరసగా చదివాను. జూన్ నెలలో, ఉప్పుకీ సబ్బులకీ మధ్య, చిన్న అక్షరాలతో ఒక పద్దు వుంది. "కోడలి చదువుకి - 30." జూలైలో మళ్ళీ 30. ఆగస్టులో 30. అలా డిసెంబరు దాకా ఏడు నెలలు. జనవరిలో మామగారి ఆపరేషను ఖర్చులు మొదలయ్యాయి. అప్పటినుంచి ఆ పద్దు లేదు. ఆ 30 రూపాయలూ నెలాఖరున "ఇతర ఖర్చులు"లో కలిసిపోయేవి. ఆవిడ చెప్పలేదు. నేను అడగలేదు. ఆవిడ మీద నాకున్న కోపం ఎన్నిసార్లు ఎన్ని మాటల్లో బయటపడిందో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుగా వుంది. చెప్పుకుందామంటే ఆవిడ లేరు.

అందుకే మీతో చెబుతున్నాను. ఇంట్లో పాత పద్దుల పుస్తకాలుంటే పాతసామాన్లవాడికి వేసెయ్యకండి. అటక దులపండి, దులపాల్సిందే. గ్రహాలకే తప్పలేదు! కాని పారేసే ముందు ఒక్కసారి వరస వరసా చదవండి, మొత్తం మాత్రం చూసి ఊరుకోకండి. పిల్లలు ఏదైనా అడిగితే "మీ నాన్నని అడుగు" అని తప్పించుకోకండి. వాళ్ళతో కూర్చోండి. చుక్కల లెక్క చూసుకునే ఆవిడకి అగ్నిపర్వతం కనబడింది. పద్దులు రాసే చేతికి గ్రహాల లెక్క అర్థం కాకపోదు.

సార్వత్రిక విశ్వవిద్యాలయం దరఖాస్తు తెప్పించుకున్నాను. మా ఇంట్లో మా అమ్మాయికి తప్ప ఎవరికీ తెలియదు. ఫీజు డబ్బు పోపుల డబ్బాలో వేస్తున్నాను. పద్దు మాత్రం పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాస్తున్నాను.

వచ్చే వారం ఎప్పటిలాగే వంటింట్లోనే కలుద్దాం. చింతకాయ తొక్కు నల్లబడకుండా ఏడాది నిలవ వుండే పద్ధతి చెబుతాను.